జపనీస్ అక్షరాల చోట డబ్బాలు వస్తున్నాయా? ఏ ఫాంట్ ఎవరికి పనికొస్తుంది

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల కంప్యూటర్ పని చేసేవాళ్లకి జపనీస్ ఫైలు తగలడం ఇప్పుడు వింతేమీ కాదు. మన రొయ్య ఎక్కువగా అమెరికాకీ చైనాకీ పోతున్నా, జపాన్ కొనే సరుకూ ఉంది. ఆ సరుకు అట్టపెట్టె మీద వేసే లేబుల్ మేటర్ అక్కడి నుంచే వస్తుంది. నర్సింగ్ చేసి జపాన్ వెళ్దామని భాష నేర్చుకుంటున్న పిల్లలున్నారు. పాత జపనీస్ గేములు వెతికి మరీ ఆడే కుర్రాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: "అక్షరాలు రావట్లేదండీ, ఏ ఫాంట్ వేయాలి?"

దానికి జవాబు చెప్పేముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. రాకపోవడమంటే తెర మీద కనిపిస్తున్నదేమిటి? ఖాళీ డబ్బాలా, పిచ్చి అక్షరాలా, ప్రశ్నార్థకాలా? ఫాంట్ వేస్తే బాగుపడేది వీటిలో ఒక్కటే. తక్కిన రెండింటికీ వంద ఫాంట్లు దించినా ఉపయోగం లేదు.

మన డీటీపీ వాళ్లకి ఇక్కడ అనూ (తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్) అలవాటు అడ్డొస్తుంది. అనూలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లిష్ గజిబిజి కనిపిస్తుంది, ఫాంట్ వేయగానే చక్కటి తెలుగైపోతుంది. ఎందుకంటే అనూ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. దాంతో గజిబిజి ఎక్కడ కనబడినా చేయి ఫాంట్ల ఫోల్డర్ వైపు పోతుంది. జపనీస్‌లో సంగతి తిరగబడుతుంది. గజిబిజి వచ్చిందంటే ఫైలు చదివే పద్ధతి తప్పింది. డబ్బాలు వచ్చాయంటే పద్ధతి సరిగానే ఉంది, ఆ అక్షరానికి బొమ్మ ఉన్న ఫాంటే సిస్టమ్‌లో లేదు.

గజిబిజిని కాస్త పరీక్షగా చూస్తే ఫైలు ఏ పద్ధతిలో ఉందో కూడా తెలిసిపోతుంది. ఇంగ్లిష్ చిన్న 'ఎ' నెత్తిన అలలాంటి గీతతో పదేపదే వస్తుంటే అది యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఉన్న ఫైలు. వంకర తోక 'ఎఫ్', కింద కామాలాంటి గుర్తు ఎడాపెడా కనబడుతుంటే అది జపాన్ విండోస్‌లో చాలాకాలం నడిచిన షిఫ్ట్-జిస్. జపనీస్‌లో కటకన, హిరగన అని రెండు ధ్వని లిపులున్నాయి. ఆ పద్ధతిలో కటకన అక్షరాలన్నీ దాదాపు ఒకే బైట్‌తో, అంటే ఒకే కోడ్ అంకెతో, మొదలవుతాయి, అది మన సిస్టమ్‌లో వంకర 'ఎఫ్'గా తేలుతుంది. హిరగనకి ముందుండే బైట్ కామాగా తేలుతుంది.

ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు (పట్టికని మామూలు టెక్స్ట్‌గా దాచినది) మీద డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చుకోండి. అక్కడ ఫైల్ ఆరిజిన్ అనే పెట్టెలో యూటీఎఫ్-8 అయితే 65001, షిఫ్ట్-జిస్ అయితే 932 ఎంచుకుంటే ఎదురుగానే అక్షరాలు సర్దుకుంటాయి. మామూలు టెక్స్ట్ ఫైలైతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూలోంచి జపనీస్, షిఫ్ట్-జిస్ ఎంచుకుంటే సరి. ఒక్క జాగ్రత్త: గజిబిజిగా కనబడుతున్నంతసేపూ సేవ్ నొక్కొద్దు. చదవడంలో తప్పయితే దిద్దుకోవచ్చు. ఆ తప్పుతోనే సేవ్ చేస్తే అసలు అక్షరాలే పోవచ్చు.

ప్రశ్నార్థకాలు వరసగా కనబడితే అప్పటికే పోయినట్టు. జపనీస్ పట్టని పాత పద్ధతిలోకి ఎవరో మార్చారు, తనకి తెలియని ప్రతి అక్షరం బదులు ప్రోగ్రాం ఒక ప్రశ్నార్థకం పెట్టేసింది. పంపినవాళ్లని అసలు ఫైలు మళ్లీ అడగడమే మార్గం. పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాంలో జపనీస్ పేస్ట్ చేసినా జరిగేది ఇదే. దానికి యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకీ కోడ్ ఇచ్చే పద్ధతి, రాదు. "నిన్న వర్డ్‌లో బాగానే ఉందండీ, పేజ్‌మేకర్‌లోకి తెచ్చేసరికే పోయింది" అంటే ఫాంట్‌ని తిట్టి లాభం లేదు, పని ఇన్‌డిజైన్‌లోకో, కోరల్ డ్రా కొత్త వెర్షన్‌లోకో, డబ్బు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్‌లోకో మార్చుకోవాలి.

సరే, మీకు వచ్చినవి డబ్బాలే అనుకుందాం. ఇక ఫాంట్ల సంగతి.

బయట నుంచి దించేముందు విండోస్‌లో ఉన్నదేమిటో చూసుకోండి. విండోస్ 7లో ఎంఎస్ గోతిక్, ఎంఎస్ మించో, మెయిర్యో అనే మూడు జపనీస్ ఫాంట్లూ ముందే ఉండేవి. విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ వాటిని విడదీసింది. ఎంఎస్ గోతిక్, యూ గోతిక్ మాత్రం అందరికీ ఇస్తుంది, మించో, మెయిర్యో లాంటివి అడిగితేనే ఇస్తుంది. అందుకే మూలనున్న పాత సిస్టమ్‌లో తిన్నగా కనబడిన కొటేషన్ కొత్తగా కొన్న సిస్టమ్‌లో వేరే ఫాంట్‌తో తెరుచుకుని, లైన్లు జరిగి, రెండు పేజీలది మూడవుతుంది. కొత్త మెషీన్ పాడైందని దుకాణానికి మోసుకెళ్లేవాళ్లని చూశాను. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, యాడ్ నొక్కి, 'జపనీస్ సప్లిమెంటల్ ఫాంట్స్' టిక్ పెడితే చాలు. ఉచితం, లైసెన్స్ గొడవ లేదు. మెయిళ్లు, వర్డ్ ఫైళ్లు చదువుకుంటే చాలనుకునే ఆఫీసుకి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

జపాన్ వాళ్లతో ఫైళ్లు అటూ ఇటూ తిరిగే చోట నా సలహా ఒకటే, వాళ్లు వాడిన ఫాంటే మీరూ వాడండి. మనకి అందంగా ఉందని ఇంకోటి పెడితే వాళ్ల దగ్గర టేబుల్ చెదురుతుంది. పాత ఆఫీసు పత్రాల్లో సాధారణంగా ఎంఎస్ మించో, ఎంఎస్ గోతిక్ ఉంటాయి, కొత్తవాటిలో యూ గోతిక్. పేరులో 'పీ' ఉన్నదీ లేనిదీ ఒకటని మాత్రం అనుకోకండి. ఎంఎస్ గోతిక్‌లో ప్రతి అక్షరానికీ కట్టినట్టు సమానమైన వెడల్పు, ఎంఎస్ పీ గోతిక్‌లో అక్షరాన్ని బట్టి వెడల్పు మారుతుంది. ఖాళీలు కొట్టి వరసలు సర్దిన ఇన్‌వాయిస్‌లో ఒకదాని బదులు ఇంకోటి పెడితే అంకెల వరస పక్కకి జరుగుతుంది. మెయిర్యో తెర మీద చదవడానికి హాయిగా ఉంటుంది, విండోస్ విస్టా కాలంలో తెర కోసమే చేయించారు. కానీ వర్డ్‌లో లైన్ల మధ్య ఎడం బాగా పెంచేస్తుంది. ఒక పేజీలో ఇరికించాల్సిన పత్రానికి దాన్ని పెట్టుకోకండి.

బయట దొరికే వాటిలో మొదట వినబడే పేరు నోటో. గూగుల్, అడోబీ కలిసి 2014లో విడుదల చేసిన ఫాంట్ ఇది. అడోబీ దీన్నే సోర్స్ హాన్ శాన్స్ అంటుంది. చైనీస్, జపనీస్, కొరియన్ మూడూ ఒకే కుటుంబంలో పెట్టారు. ఒక్కో ఫాంట్‌లో 65,535 బొమ్మలు, ఒక ఫాంట్ ఫైలులో అంతకన్నా పట్టవు. మంచి ఫాంటే, సందేహం లేదు. కాకపోతే దించేటప్పుడు చాలామంది మూడు చోట్ల చిక్కుకుంటారు.

మొదటిది సైజు. మూడు భాషలదీ కలిపి తీసుకుంటే సన్నం, లావు లాంటి ఒక్కో మందానికి సుమారు 16 ఎంబీ. ఏడు మందాలూ కావాలంటే సెల్ హాట్‌స్పాట్ మీద బతికే ఊళ్లో కాస్త ఆలోచించాల్సిందే. జపనీస్ మాత్రమే కావాలంటే నోటో శాన్స్ జేపీ అని చిన్నది విడిగా ఉంది. రెండోది, గూగుల్ ఫాంట్స్ నుంచి దించిన జిప్‌లో పైనే కనబడేది వేరియబుల్ ఫాంట్. అన్ని మందాలూ ఒక్క ఫైలులోనే ఉంటాయి. దాన్ని వేస్తే వర్డ్‌లోనూ పాత కోరల్‌లోనూ వెంట్రుకంత సన్నటి అక్షరం ఒక్కటే వచ్చి, 'ఇదేం ఫాంట్' అనిపిస్తుంది. అదే జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులోంచి రెగ్యులర్, బోల్డ్ తీసి వేసుకోండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

చైనీస్, జపనీస్ భాషలకి ఉమ్మడిగా ఉన్న చిత్రలిపి అక్షరాలకి యూనికోడ్ ఒకే కోడ్ ఇచ్చింది. రాసే తీరులో రెండు దేశాలకీ కొద్దిపాటి తేడాలుంటాయి, ఆ తేడా చూపించే పని ఫాంట్‌ది. మీ సిస్టమ్ చైనీస్ ఫాంట్‌ని ఎంచుకుంటే డబ్బాలుండవు, గజిబిజి ఉండదు, అంతా సవ్యంగా ఉన్నట్టే మనకి కనిపిస్తుంది. జపాన్ మనిషి చూస్తే మాత్రం ముఖం చిట్లిస్తాడు.

సముద్రం అన్న అక్షరాన్ని తీసుకోండి. జపనీస్‌లో రొయ్యని చిత్రలిపిలో రాసేటప్పుడు మొదట వచ్చేది అదే. కుడివైపు కింద చిన్న పెట్టెలాంటి భాగం ఉంటుంది. జపనీస్ ఫాంట్‌లో ఆ పెట్టె లోపల నిలువుగా ఒక్క గీత, చైనీస్ ఫాంట్‌లో అదే చోట రెండు చుక్కలు. ఎముక అన్న అక్షరం చూడండి. పైభాగంలో లోపలుండే చిన్న మూల జపనీస్‌లో కుడివైపుంటే, చైనా సరళ లిపి ఫాంట్‌లో ఎడమవైపుంటుంది. తెర మీద ఆ రెండక్షరాలూ పెద్దవి చేసి చూస్తే ఏ దేశపు ఫాంట్ వచ్చిందో అర నిమిషంలో తేలిపోతుంది, భాష రానక్కర్లేదు. అందుకే నోటో దించేటప్పుడు పేరు చివర జేపీ ఉన్నదే తీసుకోండి. ఎస్‌సీ, టీసీ అని ఉన్నవి చైనీస్‌వి. వెబ్ పేజీ తయారుచేసేవాళ్లు కోడ్‌లో ఆ భాగం భాష జపనీస్ అని రాస్తే బ్రౌజర్ సరైన రూపం ఎంచుకుంటుంది. అది రాయకుండా ఫాంట్‌ని తప్పుబట్టకూడదు.

లేబుళ్ల పనికైతే నేను నోటో కన్నా బిజ్ యూడీ గోతిక్ వైపే మొగ్గుతాను. మోరిసావా అనే జపాన్ ఫాంట్ సంస్థ చేసింది. విండోస్ 10లో 2018 చివరి అప్‌డేట్ నుంచి చేర్చారు, ఇప్పుడు ఓపెన్ లైసెన్స్‌లో విడిగానూ దొరుకుతుంది. చూపు తక్కువైనవాళ్లు కూడా చదవగలగాలని అక్షరం లోపలి ఖాళీలు విశాలంగా గీశారు. అది మనకెందుకంటారా? వనామి రొయ్యని జపాన్‌లో కటకన అక్షరాల్లో 'బనామెయి ఎబి' అని రాస్తారు. కటకనలో 'బ'కీ 'ప'కీ తేడా అక్షరం కుడి నెత్తిన ఉండే గుర్తు ఒక్కటే. రెండు చిన్న గీతలుంటే 'బ', చిన్న సున్నా ఉంటే 'ప'. మన దగ్గర ఎక్కువగా ఉండే లేబుల్ ప్రింటర్ 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకి ఎనిమిది చుక్కలు. 6 పాయింట్లలో అచ్చేస్తే ఆ రెండు గీతలూ అతుక్కుని మచ్చగా మారతాయి, వనామి కాస్తా 'పనామెయి'గా చదువుతారు. బిజ్ యూడీలో ఆ గుర్తులు పెద్దవి, ఎడంగా ఉంటాయి. బ్లాక్ టైగర్ రొయ్య పేరులోనూ మొదటి అక్షరానికి ఇదే బెడద. దాని చివర వచ్చే దీర్ఘపు గీతకి బదులు కీబోర్డ్ మీది హైఫన్ కొట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ అడ్డగీతలే అయినా అక్షరం వేరు, పొడవు వేరు. మేటర్ టైపు చేయకుండా కొన్నవాళ్లు పంపింది కాపీ చేసి పేస్ట్ చేయడమే క్షేమం.

మించో రకాలు లేబుల్‌కి వద్దు. నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా ఉండే రకం అది. థర్మల్ ప్రింటర్‌లో ఆ సన్న గీతలు ఎగిరిపోతాయి. ఉత్తరాలకీ ఒప్పంద పత్రాలకీ అందంగా ఉంటుంది, అక్కడికే ఉంచండి.

ప్రింటర్ మెమరీలోకి ఫాంట్ ఎక్కించే పద్ధతి వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. అలాంటి చోట సాధారణంగా ట్రూటైప్ ఫైలే అడుగుతారు. నోటో సీజేకే (మూడు భాషలదీ కలిపినది) ఎక్కువగా ఓటీఎఫ్ అనే ఇంకో రకం ఫైలుగా వస్తుంది. బిజ్ యూడీ, ఐపీఏఎక్స్ గోతిక్ ట్రూటైప్‌లో దొరుకుతాయి. ఐపీఏఎక్స్ జపాన్ ప్రభుత్వ రంగ ఐటీ సంస్థ ఐపీఏ ఇచ్చిన ఉచిత ఫాంట్. సాదాసీదాగా ఉంటుంది, తేలిక, పాత లైనక్స్ సిస్టమ్‌లకి కూడా బరువు కాదు. మెమరీ గొడవే వద్దనుకుంటే లేబుల్‌లోని జపనీస్ భాగాన్ని బొమ్మగా మార్చి పంపండి. ప్రింట్ కాస్త నెమ్మదిస్తుంది, అక్షరం మాత్రం పోదు. అట్టపెట్టెలు అచ్చేసే ప్రెస్‌కి ఇచ్చేటప్పుడు కన్వర్ట్ టు కర్వ్స్ చేసి (అక్షరాలని గీతల బొమ్మలుగా మార్చి) ఇవ్వండి, లేదా ఫాంట్లు లోపలే పొదిగిన, అంటే ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి. ప్రెస్‌లో ఆ ఫాంట్ ఉందో లేదో అన్న టెన్షన్ మీకక్కర్లేదు. మీకే అలా ఎంబెడ్ చేయని పీడీఎఫ్ వస్తే అడోబీ రీడర్ ఏషియన్ ఫాంట్ ప్యాక్ కావాలని అడగొచ్చు. అది దించుకోవచ్చు, అంతకన్నా పంపినవాళ్లనే ఎంబెడ్ చేసి మళ్లీ పంపమనడం మేలు.

ఫాన్సీ ఫాంట్ల మాట. చేతిరాతలా, బ్రష్‌తో గీసినట్టు ఉండేవి ఉచితంగా బోలెడు దొరుకుతాయి. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికని ప్రకటించిన చిత్రలిపి అక్షరాలే 2,136. అవన్నీ గీయడానికి ఓపిక లేక కొందరు హిరగన, కటకన, కొద్ది చిత్రలిపి మాత్రమే చేసి వదిలేస్తారు. లేని అక్షరం రాగానే సిస్టమ్ ఇంకో ఫాంట్‌లోంచి తెచ్చి అతికిస్తుంది. ఒకే మాటలో ఒక అక్షరం లావు, ఒకటి సన్నం. బ్రోచర్ హెడ్డింగ్‌లో ఇది కనబడితే కారణం అదే.

పాత సాఫ్ట్‌వేర్లు, గేముల దారి వేరు. యూనికోడ్ రాకముందు తయారైన ప్రోగ్రాంకి ఫాంట్‌తోపాటు సిస్టమ్ కూడా జపనీస్‌లో ఉన్నట్టు కనబడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడ్మినిస్ట్రేటివ్‌లో యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాషని జపనీస్‌కి మార్చి రీస్టార్ట్ చేయమని ఎవరైనా చెబుతారు. పనిచేస్తుంది. కానీ అది ఆ ఒక్క ప్రోగ్రాంకి కాదు, సిస్టమ్ మొత్తానికీ వర్తిస్తుంది. కొన్నిచోట్ల ఫోల్డర్ దారిలో వెనక్కి వాలిన గీత బదులు యెన్ గుర్తు కనబడుతుంది. అదంత ఇబ్బంది కాదు. అనూ, పేజ్‌మేకర్ ఉన్న డీటీపీ సిస్టమ్‌లో మాత్రం ఈ పని చేయొద్దు. ఆ పాత పద్ధతి తెలుగులోని బైట్లని జపనీస్ అక్షరాల ముక్కలుగా చదివే ప్రమాదం ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల ఫైళ్లు చెదిరితే కస్టమర్లకి జవాబు చెప్పేది మీరే. లొకేల్ ఎమ్యులేటర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అది మీరు ఎంచుకున్న ఒక్క ప్రోగ్రాంనే జపనీస్ సిస్టమ్‌లో ఉన్నట్టు నడుపుతుంది. గేముకైనా పాత మెషీన్ సాఫ్ట్‌వేర్‌కైనా ముందు దాన్ని ప్రయత్నించండి. ఫాంట్‌గా ఎంఎస్ గోతిక్ ఉంచండి. ఆ ప్రోగ్రాముల్లో చాలావాటి మెనూలు దాని వెడల్పుల లెక్కతోనే కట్టి ఉంటాయి. చిన్న సైజుల్లో అది గరుకుగా కనిపిస్తుంది, దాన్ని భరించాల్సిందే. అందం కోసం మెయిర్యో పెడితే బటన్ల మీద మాటలు సగానికి తెగుతాయి.

ఒక సిస్టమ్‌లోంచి మెయిర్యోనో, మ్యాక్‌లోంచి హిరగినోనో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇంకోదాంట్లో వేయడం మన దగ్గర మామూలే. ఆ ఫాంట్ల లైసెన్స్ అందుకు ఒప్పుకోదు. ఎగుమతి సరుకు మీద అచ్చయ్యే పనికి ఓపెన్ లైసెన్స్ ఉన్న బిజ్ యూడీ, నోటో ఉండగా ఆ రిస్క్ దేనికి?

భాష నేర్చుకునే పిల్లలకి పైన చెప్పినవేవీ మొదటి ఎంపిక కాదు. హిరగనలో 'కి' అనే అక్షరం గోతిక్ ఫాంట్లలో (గీతలన్నీ ఒకే లావుండే రకం) చాలావాటిలో కింది వంపు పై గీతతో కలిసిపోయి ఉంటుంది, చేత్తో రాసేటప్పుడు అది విడిగా ఉంటుంది. 'స'కీ అంతే. ఫోన్‌లో చూసి నోట్‌బుక్‌లో దించుకునే పిల్ల ఆ అతుకుని కూడా దించేస్తుంది. అక్కడి బడి పుస్తకాల తరహాలో ఉండే యూడీ డిజి క్యోకాషో విండోస్ 10లోనూ 11లోనూ సప్లిమెంటల్ ఫాంట్లతోపాటే వస్తుంది. అది లేనిచోట క్లీ వన్ అనే ఉచిత ఫాంట్ వాడొచ్చు, పెన్సిల్‌తో రాసినట్టు ఉంటుంది. పాఠాలు ప్రింట్ తీసిచ్చే కోచింగ్ వాళ్లు ఈ రెండింటిలో ఒకటి వాడితే చాలు. ఈ ఫాంట్లలో చల్లదనం అన్న అక్షరం, అంటే ఫ్రోజెన్ సరుకు పెట్టె మీద ఉండేదే, కింది భాగం లేబుల్ మీది రూపానికి భిన్నంగా, చైనీస్ రూపానికి దగ్గరగా కనబడుతుంది. కంగారుపడొద్దు, జపాన్‌లో చేతిరాతలో అలాగే రాస్తారు.

ఫోన్లలో డబ్బాల బెడద దాదాపు లేదు, ఆండ్రాయిడ్‌లో నోటో ముందే ఉంటుంది. చైనీస్ రూపం రావడమే అక్కడి ఇబ్బంది. సెట్టింగ్స్‌లో భాషల జాబితాలో తెలుగునో ఇంగ్లిష్‌నో పైనే ఉంచి, దాని కింద జపనీస్ చేర్చండి. ఫోన్ భాష మారదు. చైనీస్ కూడా ఆ జాబితాలో ఉంటే జపనీస్‌ని దానికన్నా పైకి జరిపి, సముద్రం అన్న అక్షరాన్ని మళ్లీ పెద్దది చేసి చూసుకోండి.